ఏడో నంబరు పెట్టె

ఎవాంజెలిన్ నలభై మూడో గొట్టం మీద చీటీ అతికిస్తుండగా బల్ల మీద ఫోను ఒకసారి వణికి ఊరుకుంది. ఆమె చూడలేదు. పొద్దున ఆరున్నర నుంచి పదింటి దాకా ఆ ల్యాబులో ఎవరి ఫోను ఎంత మొత్తుకున్నా ఆమె చూడదు. పరగడుపున వచ్చినవాళ్ళు గోడ వెంబడి కుర్చీల్లో కూర్చుని, ఒక చేతి చొక్కా మడిచి పట్టుకుని, ఆమె వంకే చూస్తుంటారు. సూది గుచ్చడం ఎంతసేపు, ఎవరైనా గుచ్చుతారు. గొట్టం మీద పేరూ కంప్యూటర్లో పేరూ ఒకటేనా అని మూడుసార్లు చూసుకోవడమే అసలు పని. కంప్యూటర్లో ఎక్కని రక్తం తీయని రక్తంతో సమానమని, కొత్తగా చేరిన ప్రతి ఒక్కరికీ ఇరవై ఆరేళ్ళుగా చెబుతూనే ఉంది.

పదింపావుకు కుర్చీలు ఖాళీ అయ్యాయి. ఆమె చేతి తొడుగులు ఊడదీసి, చెప్పులు విడిచి, వాచిన పాదాలు ఎదుటి స్టూలు మీద పెట్టుకుని ఫోను తీసింది. ‘నెల్లూరు పెట్టెలు’ గ్రూపులో కుర్రాడు ఫ్రెడ్డీ రాశాడు.

“ఏడో నంబరు పెట్టె. చివరిసారి సైటులో ఎక్కింది ఏడాదిన్నర కిందట. ఈమధ్య నేను రెండుసార్లు పోయి వెతికాను, దొరకలేదు. ఏడాది దాటితే రూలు ప్రకారం చచ్చిన పెట్టె. ఆదివారం చెన్నై నుంచి పదకొండు మంది వస్తున్నారు. ఈలోగా జాబితాలోంచి తీసేస్తే అదే చోట నేను కొత్తది పెడతాను. ఎవాంజెలిన్ అక్క చూడగలరు.”

కింద అప్పటికే ఆరు బొటనవేళ్ళు లేచి నిలబడ్డాయి. ఎవాంజెలిన్ గట్టిగా ఊపిరి వదిలింది.

పెట్టెలంటే పెద్ద ఘనమైనవేమీ కావు. అన్నం డబ్బా అంత ప్లాస్టిక్ పెట్టెలో ఒక రబ్బరు స్టాంపు, ఒక చిన్న నోటు పుస్తకం పెట్టి, ఊరికి దూరంగా ఎక్కడో దాచి, అక్కడికి దారి చెప్పే నాలుగు ముక్కలు ఒక సైటులో రాసి వదులుతారు. ఆ ముక్కలు పట్టుకుని వెతుక్కుంటూ పోయేవాళ్ళ దగ్గరా ఒక సొంత స్టాంపు, సొంత పుస్తకం ఉంటాయి. పెట్టె దొరికితే అందులోని స్టాంపు తమ పుస్తకంలో వేసుకుని, తమ స్టాంపు పెట్టె పుస్తకంలో వేసి, ఎక్కడిదక్కడ దాచి రావాలి. బహుమతి లేదు, పొగిడేవాళ్ళు లేరు. ‘తిన్నది అరక్క చేసే పని’ అంటాడు ఎవాంజెలిన్ భర్త మాథ్యూ. అయినా నెల్లూరులో ఈ పని చేసేవాళ్ళు ముప్పై నలుగురు తేలారు.

ముప్పై నలుగురున్నాక తగువు లేకుండా ఎలా ఉంటుంది? దొరికిన పెట్టెను సైటులో ఎక్కించాలా వద్దా అన్నది వీళ్ళ తగువు. ఎక్కిస్తేనే కదా పెట్టె ఉందో పోయిందో తర్వాతి వాడికి తెలిసేది, ఎండలో ముప్పై కిలోమీటర్లు పోయి ఖాళీ గుంట చూసి రావడం ఎవరి ఖర్మ అంటారు ఫ్రెడ్డీ లాంటి వాళ్ళు. పుస్తకంలో ముద్ర పడిందంటే పని అయిపోయింది, ఊరంతా టముకు వేసుకోవడం దేనికి అంటారు పాత వాళ్ళు. పాత వాళ్ళు ఒక్కొక్కరే ఫోన్లు మార్చుకుని అవతలి జట్టులో కలిసిపోగా చివరికి ఒక్కడు మిగిలాడు. చిన్నబజారులో రబ్బరు స్టాంపులు చెక్కే లాల్ అహ్మద్. ఏడో నంబరు పెట్టె అతనిదే.

ఎవాంజెలిన్ రెండూ చేస్తుంది. పుస్తకంలోనూ వేస్తుంది, సైటులోనూ ఎక్కిస్తుంది. ఆరేళ్ళ కిందట ఈ జాబితా చూసే పని ఎవరు చేస్తారని అడిగినప్పుడు అందరూ తలలు వంచుకుని ఫోన్లు చూసుకున్నారు, ఈమె ఒక్కతే తలెత్తింది. మెత్తనివాళ్ళను చూస్తే మొత్తబుద్ధి. అప్పటినుంచి ఎవరి పెట్టె తడిసినా, ఎవరి పెట్టె పోయినా ఈమెకే ఫోను. నిజానికి ఏడో పెట్టెను చివరిసారి ఎక్కించింది కూడా ఈమే. సరుగుడు తోపు ఫోటో పెట్టి కింద రాసుకున్న మాటలు ఆమెకు ఇంకా గుర్తున్నాయి. ‘అలల చప్పుడు, సరుగుడు గాలి, ఆకు ఏరుకునే అమ్మలు. మన తీరంలో ఇంకా మిగిలిన అందం.’ నలభై మూడు మంది మెచ్చుకున్నారు. నెల్లూరు బీచీల గురించి ఎవరో నడిపే పేజీ ఆ ఫోటోను తీసుకుని తన దగ్గరా పెట్టుకుంది. ఆ వారమంతా ఆమె కాళ్ళ నొప్పులు మరిచిపోయింది.

ఆ పెట్టె చచ్చిందంటే ఆమె మనసు ఒప్పుకోలేదు.

*

శుక్రవారం సాయంత్రం చిన్నబజారులో మెట్ల కింది గూటి లాంటి కొట్టులో లాల్ అహ్మద్ రబ్బరు ముక్క మీద వంగి ఉన్నాడు. అరవై దాటిన మనిషి, ఒక కంటికి మాత్రమే భూతద్దం. కంప్యూటర్ మీద పావుగంటలో స్టాంపు వచ్చే రోజుల్లో చేత్తో చెక్కించుకునేవాళ్ళు పెట్టెల వాళ్ళు తప్ప ఎవరూ లేరు. బొమ్మను పల్చటి కాగితం మీద పెన్సిలుతో గీసి, దాన్ని రబ్బరు మీద బోర్లించి గోటితో రుద్దుతాడు. తిరగబడి అచ్చు పడుతుంది. ఆ గీతలు మిగిల్చి తక్కిందంతా సన్నటి ఉలితో లేపేస్తాడు. ఉలి ఎప్పుడూ తన వైపుకు రాదు, రబ్బరునే తిప్పుతాడు.

“రా చెల్లెమ్మా. ఆ స్టూలుకి ఒక కాలు పొట్టి. ఎనక్కి ఆనుకోబాకు.”

ఎవాంజెలిన్ కూర్చుని ఫ్రెడ్డీ రాసింది చదివి వినిపించింది. అతని ఫోనులో మాటలే వస్తాయి, రాతలు రావు.

“ఒక్క లైనన్నా. నీ పేరు మీద నేనే ఎక్కిస్తా, పెట్టె ఉందని. అంతే. ఇంకో ఏడాది దాకా ఎవురూ నీ జోలికి రారు.”

“వద్దమ్మా.”

“ఎందుకు వద్దు?”

“వద్దంటే వద్దు.” రబ్బరు తిప్పాడు. ఉలి కింద నుంచి సన్నటి తుంపు లేచి రాలింది.

ఎవాంజెలిన్‌కు కోపం వచ్చింది. పొద్దున్నుంచి నిలబడి నిలబడి ఉన్న మనిషి, ఇంటికి పోకుండా ఆటో ఎక్కి ఇక్కడికొచ్చింది. “నీ పంతం నీదే గానీ నా సంగతి ఎప్పుడైనా ఆలోచించినావా? నీ పెట్టె తరఫున గ్రూపులో ఎన్ని మాటలు పడినానో నీకు తెలుసా? లాల్ అహ్మదన్నకో రూలు, మాకో రూలా అని ఆ పిల్లోడు మొహం మీదే అడిగినాడు.”

“అడిగినాడా. మంచిదే. అడగాల్సిందే.” అతను దుమ్ము ఊదాడు. “పోయిన నెల పోయొచ్చినా. పెట్టె ఉండాది. పుస్తకం సగానికి పైగా నిండింది.”

“నిండిందా? సైటులో ఒక్కరూ ఎక్కించలేదే. ఎవురొస్తా ఉండారు?”

“వచ్చినోళ్ళంతా ఎక్కిస్తారా ఏంది.”

అతను చెయ్యి చాపి, “నీ ఎండ్రకాయని ఇటివ్వు” అన్నాడు. ఎవాంజెలిన్ సొంత స్టాంపు ఎండ్రకాయ బొమ్మ. సంచీలోంచి తీసి ఇచ్చింది. సన్నటి కాళ్ళ మధ్య సిరా గడ్డకట్టి ఉంటే అతను గుండుసూదితో ఒక్కొక్క కాలూ శుభ్రం చేశాడు.

“ఇది బాగానే ఉండాది గానీ నాకు పాతదే ఇష్టమన్నా,” అంది ఆమె కాస్త మెత్తబడి. “ఎడమ డెక్క ఇరిగిపోయి ఉంటుందే, అది. ఆ ఇసకలో యాడ జారిపోయిందో.”

ఆ పాత స్టాంపు చెక్కేటప్పుడు లాల్ అహ్మద్ ఉలి జారి డెక్క కొస తెగింది. మళ్ళీ చేసిస్తానంటే ఆమే వద్దంది. ఏడాదిన్నర కిందట ఏడో పెట్టె చూసి వచ్చిన రోజే అది పోయింది. మర్నాడు ఏడుపు మొహంతో వచ్చి కూర్చుంటే అతను ఏమీ అడక్కుండా ఇంకొకటి చెక్కి ఇచ్చాడు. ఇప్పుడు సూదిని గుడ్డకు తుడిచి డబ్బీలో పెట్టి, స్టాంపు తిరిగి ఇచ్చాడు.

ఆమె లేచి చెప్పులేసుకుంటుంటే అన్నాడు. “నువ్వే పోయి చూసుకో. చెట్ల కాడ ఎతకబాకు, దొరువు కాడ చూడు. ఫోను మాత్రం సంచీలోనే ఉండనీ చెల్లెమ్మా.”

*

శనివారం రెండింటికి డ్యూటీ దిగి స్కూటీ మీద బయలుదేరింది. రొయ్యల గుంటల మీద గాలి కలిపే చక్రాలు నీళ్ళు చిమ్ముతున్నాయి. కట్ట మీద మేత సంచుల వాసన. ఎండకు రోడ్డు మీద నీళ్ళున్నట్టు కనిపించి దగ్గరికి పోతే ఏమీ ఉండటం లేదు. దొరువులపాళెం దాటాక తారు అయిపోయింది. బండి ఒక తాటిచెట్టు కింద పెట్టి, ఇసకలో మడమలు కూరుకుపోతుంటే నడిచింది. సైటులో ఇంకొకరైతే ఈ నడకకు మూడు నక్షత్రాలు ఇస్తారు. ఆమెకు మాత్రం ఇంటికి పోయి పడుకోవాలనిపించింది.

తోపు మునుపటిలా లేదు. ముందు వరసలు కొట్టేశారు, మొద్దులు మిగిలాయి. పెట్టె ఉండాల్సిన చెట్టే లేదు. ఫ్రెడ్డీకి దొరకలేదంటే దొరకదు మరి. లోపలికి పోతే కాలి కింద ఆకు మెత్తగా, తివాచీ పరిచినట్టు ఉంది. దాని మధ్యలో పాత దొరువు. ఇసకలో తవ్విన లోతు లేని బావి అది, సిమెంటు ఒరలు రెండు దించి ఉన్నాయి, పై ఒర ఒక పక్క పగిలింది. అడుగున జానెడు నీళ్ళు. పగులు వెనక చెయ్యి పెడితే నల్ల కవరు తగిలింది. కవర్లో కవరు, దాన్లో పెట్టె. చాలా శ్రద్ధగా ఎవరో ముడి వేశారు. ఇది లాల్ అహ్మద్ ముడి కాదు.

ఆమె ఒర మీద కూర్చుని పుస్తకం తెరిచింది. ఉప్పుగాలికి కాగితాలు ఉబ్బి ఉన్నాయి. మొదటి పుటల్లో తెలిసిన ముద్రలే. లాల్ అహ్మద్ పడవ, ఇంకెవరిదో పిట్ట, ఇంకెవరిదో తాటిచెట్టు, పక్కన తేదీలు, పేర్లు. చివర ఆమె ఎండ్రకాయ, ఆమె చేతిరాతలో ఏడాదిన్నర కిందటి తేదీ. పుట తిప్పింది.

ఎండ్రకాయ. దాని కింద ఎండ్రకాయ. మళ్ళీ తిప్పితే నాలుగు ఎండ్రకాయలు. తేదీ లేదు, పేరు లేదు. మొదట్లోవి కొన్ని తలకిందులుగా, కొన్ని పక్కకు ఒరిగి, సిరా ఎక్కువై కాళ్ళు కలిసిపోయి ఉన్నాయి. పోగా పోగా నిటారుగా, వరసగా, ఒకదాని కింద ఒకటి కుదురుగా పడ్డాయి. అరవై దాకా లెక్కపెట్టి ఆపేసింది. అన్నిటికీ ఎడమ డెక్క కొస లేదు.

మొదట ఆమెకు ఒళ్ళు మండింది. తన పేరు మీద ఎవరో వచ్చినట్టు వేస్తున్నారనుకుంది. తర్వాత పెట్టె అడుగున చూస్తే స్టాంపులు రెండున్నాయి. ఒకటి పెట్టెది, దొరువూ చేదా ఉన్న బొమ్మ. రెండోది ఆమెది. ఆ రోజు రెండు స్టాంపులూ ఒకే సిరాకు అద్ది, వేసి, తుడిచి, తనదాన్ని కూడా పెట్టెలో పెట్టి మూత వేసేసిందన్నమాట. కొత్తగా చేరినవాళ్ళు ఈ తప్పు చేస్తే జాబితాలో రాసి మరీ నవ్వుకుంటారు. జాబితా రాసే ఆమే చేసింది.

ఇదంతా ఫ్రెడ్డీకి చూపించడానికి సాక్ష్యం కావాలి. సంచీలోంచి ఫోను తీసి పుస్తకం మీదికి వంచింది.

“ఫోటో తీయబాకమ్మా. నీకు పుణ్యముంటాది.”

చెట్ల మధ్య ఒక ఆడమనిషి నిలబడి ఉంది. యాభై పైబడిన వయసు, మోకాళ్ళ పైకి దోపిన చీర, భుజం మీద ఖాళీ వల సంచీ, చేతిలో అరిగిపోయిన కొబ్బరి చీపురు.

“పుస్తకానికే తీస్తా ఉండా. నిన్ను కాదు,” అంది ఎవాంజెలిన్.

“దేనికైనా సరే. లోపల పెట్టెయ్యి.”

ఎవాంజెలిన్ పెట్టేసింది. ఆమె దగ్గరికి వచ్చి, తెరిచి ఉన్న పెట్టెను, నల్ల కవర్లను చూసింది. “నువ్వు సాయిబు తాలూకానా?”

“అవును.”

“అట్టయితే కూచో.” తనూ ఇసకలో చతికిలబడింది. పేరు కామాక్షమ్మ అని చెప్పింది. కొట్టేసిన చెట్టు మొదట్లోంచి పెట్టెను తీసుకొచ్చి ఇక్కడ పెట్టింది తనేనంది. “రంపాలోళ్ళు వస్తారని తెలిసి ముందురోజే తెచ్చేసినా. లేకుంటే తొక్కి పారేసుందురు.”

“ఈ ముద్రలు?”

“నాయే.” కామాక్షమ్మ కాస్త సిగ్గుపడ్డట్టు నవ్వింది. “నాకు రాత రాదు. ఆకుకొచ్చినప్పుడు ఈ డబ్బా కనపడింది. తెరిస్తే అన్నీ బొమ్మలే. సాయిబుని అడిగితే, వచ్చినోళ్ళు ఏసిపోయే ముద్దర్లన్నాడు. మరి నేనూ వచ్చినా గదా. మీరు ఏడాదికొకసారి వస్తారు, వారానికి రెండుసార్లు వచ్చేదాన్ని నేను. నేనెయ్యకూడదా అన్నా. ఏసుకోమన్నాడు. నాకు ముద్దర యాడుంది? ఒకామె మరిచిపొయ్యుంటే దాన్నే ఏస్తా ఉండా.”

ఎవాంజెలిన్ పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుంది.

“ఆమే ఫోటో తీసింది,” అంది కామాక్షమ్మ.

“ఎవరు?”

“మరిచిపోయినామె. ఎండకి మొహం నిండా గుడ్డ చుట్టుకోనుంది. మంచి మనిషే, మాకు బిస్కెట్లు గూడా ఇచ్చింది. మేం ఐదుగురం దంతెలతో ఆకు లాగతా ఉంటే ఫోటో తీసుకోని పొయ్యింది. యాడ పెట్టిందో ఏమో, నెల తిరక్కుండా కాపలావోళ్ళు వచ్చి ఫోన్లో చూపించినారు. ఇదిగో నువ్వు, ఇదిగో నీ దంతె అని. ఈ ఆకు ఏరకూడదంట. రాలిపొయ్యిన ఆకు. మొదట్నుంచీ తెలిసే చూసీ చూడనట్టు పొయ్యేటోళ్ళు, ఫోన్లోకెక్కినాక వాళ్ళు మాత్రం ఏం చేస్తారు, పైవోళ్ళు అడుగుతారు గదా. ఐదు దంతెలూ తీసకపొయ్యినారు. రెణ్ణెల్లు ఈ పక్కకి రానీలా. వానాకాలం, పొయ్యిలోకి ఏముంది?” చీపురు వంక చూసుకుంది. “దంతె ఉంటే నిలబడి లాగొచ్చు. ఇప్పుడు వొంగి ఊడవాల. నడుం పోతా ఉంది. అది మా నాయన చేసిచ్చింది, వెదురు పళ్ళది. మళ్ళా అట్టాంటిది చేసేవోళ్ళు లేరు.”

ఆమె గొంతులో ఏడుపేమీ లేదు. వాన రాలేదనో, వల చినిగిందనో చెప్పినట్టు చెప్పింది. ఎవాంజెలిన్‌కు ఫోటో కింద తను రాసిన మాటలు గుర్తొచ్చాయి. ఆకు ఏరుకునే అమ్మలు. నలభై మూడు మంది. బిస్కెట్లు ఇచ్చిన సంగతి ఆమెకు గుర్తే లేదు.

“ఆమె మీద నీకు కోపం రాలేదా?”

“తెలీక చేసినదానికి కోపమేంది. తెలీనోళ్ళకి చెప్తే సరిపోతాది.” కామాక్షమ్మ లేచి చీర దులుపుకుంది. “చెప్పేదానికి ఆమె మళ్ళా రాలా.”

ఇప్పుడు చెప్పాలి. నేనేనమ్మా ఆ మనిషిని అని మూడు మాటలు. ఎవాంజెలిన్ నోరు తెరిచింది కూడా. ఈలోగా కామాక్షమ్మ, “నువ్వు ఏసినావా? ఏసి పో. నీ ముద్దర తీ” అంది.

సంచీలో, ఫోను పక్కనే ఉంది కొత్త ఎండ్రకాయ. తీస్తే ఇక చెప్పే పని లేదు.

“తేలేదు,” అంది ఎవాంజెలిన్. యాభై ఒక్కేళ్ళ మనిషి, రోజుకు వందమంది చేతులు పట్టుకుని ‘భయమేం లేదు’ అని చెప్పే మనిషి, భయపడి అబద్ధం ఆడింది.

“దానికేం. నాదెయ్యి.”

కామాక్షమ్మ దొరువులోకి వంగి వేళ్ళు తడిపి ఎండిపోయిన సిరా దిండు మీద నాలుగు చుక్కలు రాల్చింది, గోటితో పాముతూ మెత్తబరిచింది. ఎడమ డెక్క విరిగిన ఎండ్రకాయను అద్ది ఎవాంజెలిన్ చేతికిచ్చింది. “గట్టిగా అదమబాకు. కాళ్ళు చెదిరిపోతాయి.” ఎవాంజెలిన్ తన స్టాంపును తనే ఎరువు తీసుకుని పెట్టె పుస్తకంలో వేసింది. ఒక పక్క మసక పడింది. “ఫరవాలేదు, మొదట్లో నాకూ అట్టానే పడేది” అని కామాక్షమ్మ సర్దిచెప్పింది.

తర్వాత ఇద్దరూ కలిసి ఆకు ఊడ్చి వల సంచీలో కుక్కారు. ఎవాంజెలిన్ పది నిమిషాలు వంగేసరికి నడుము పట్టేసింది. మోపు ఎత్తి తల మీద పెడితే కామాక్షమ్మ మెడ ఒకసారి సర్దుకుని, వెనక్కి తిరగకుండానే, “కవరు రెండు ముళ్ళెయ్యి, చెమ్మ పోకుండా” అని చెప్పి చెట్ల మధ్య నడిచి వెళ్ళిపోయింది.

ఆమె కనుమరుగయ్యాక ఎవాంజెలిన్ మళ్ళీ ఒర మీద కూర్చుని పుస్తకం తెరిచింది. అప్పుడు సంచీలోంచి కొత్త స్టాంపు తీసింది. ఇందాకటి మసక ముద్ర పక్కనే, గట్టిగా అదమకుండా, వేసింది. రెండు డెక్కలూ నిండుగా ఉన్న ఎండ్రకాయ. చదువు రాకపోయినా వరసగా వంద ముద్రలు వేసిన కంటికి ఇది ఎవరిదో తెలియకుండా ఉండదు. నోటితో చెప్పలేనిది అక్కడ పెట్టి, కవరుకు రెండు ముళ్ళు వేసి వచ్చేసింది.

*

“దొరికిందా నీ పెట్టె?” మాథ్యూ తలుపు తీస్తూ అడిగాడు.

“లేదు.”

“నేను చెప్తానే ఉండా, తిన్నదరక్క,” అని మొదలుపెట్టి, ఆమె మొహం చూసి, మంచినీళ్ళు తెచ్చిపెట్టాడు.

కాళ్ళు కూడా కడుక్కోకుండా కంప్యూటర్ ముందు కూర్చుంది. ముందు ఆ ఫోటో తీసేసింది. ఏడాదిన్నర ఆలస్యమని తెలుసు, ఆ బీచీల పేజీలో అది ఇంకా ఉంటుందనీ తెలుసు. అయినా వాళ్ళకు తీసేయమని ఉత్తరం రాసింది. తర్వాత జాబితా తెరిచింది. పెట్టె ఉందని ఎక్కిస్తే అది బతుకుతుంది, రేపు పదకొండు మంది పదకొండు ఫోన్లతో దొరువు చుట్టూ నిలబడతారు. ఎక్కించకపోతే చచ్చి, ఆ చోట ఫ్రెడ్డీ పెట్టె వస్తుంది, అప్పుడూ ఫోన్లు వస్తాయి. గొట్టం మీది పేరూ కంప్యూటర్లో పేరూ ఒకటి కాకపోతే కొత్త పిల్లల చేత కళ్ళనీళ్ళు పెట్టించిన ఎవాంజెలిన్ ఏడో నంబరు ఎదురుగా ఇలా కొట్టింది: ‘స్వయంగా వెతికాను. పెట్టె లేదు. జాబితా నుంచి తీసేశాను.’ దాని కింద: ‘ఆ తోపులో పెట్టెలు పెట్టడానికి మనకు అనుమతి లేదు. ఇకమీదట ఎవరూ పెట్టరాదు.’ మొదటిది శుద్ధ అబద్ధం, రెండోది శుద్ధ నిజం. రెండూ ఒకే బొత్తాం నొక్కితే ఎక్కాయి.

ఆదివారం వేరే తీరాన వచ్చినవాళ్ళకు ఇడ్లీ పొట్లాలు పంచుతుంటే ఫ్రెడ్డీ దగ్గరికి వచ్చాడు. తడ దగ్గర ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి, నిద్రలేని కళ్ళతో అటునుంచి అటే వచ్చాడు.

“నేను ముందే చెప్పినా గదక్కా, అది చచ్చిపొయ్యిందని.”

“చెప్పినావు. నువ్వు చెప్పిందే నిజం.”

“మరి కొత్తది ఎందుకు వద్దన్నావు? లాల్ అహ్మదన్నకి లేని అనుమతి నా కాడికొచ్చేసరికి గుర్తొచ్చిందా?”

“ఆయనప్పుడే గుర్తురావల్సింది. జాబితా నాది, తప్పూ నాదే.”

ఫ్రెడ్డీ సంచీని భుజం మీద సర్దుకున్నాడు. అతని చూపుడు వేలికి ప్లాస్టరు ఉంది. సంచీలో కొత్త పెట్టె ఉంది, దాన్లో నెల రోజులు కూర్చుని సొంతంగా చెక్కుకున్న స్టాంపు. ఎవాంజెలిన్‌కు ఆ వేలు చూసి మనసు కలుక్కుమంది. ఈ పిల్లవాడూ తప్పేమీ చేయలేదు. “కాలవ అవతల ఉప్పు దాచే పాత కొట్టాయి ఉంది, ఓనరు మాకు తెలిసినాయనే. అడిగి పెట్టిస్తా, రా,” అంది.

“సైటులో నీకు దొరికిన పెట్టెల లెక్కలో ఒకటి తగ్గిందక్కా. చూసుకున్నావా?”

“తగ్గనీలే అబ్బయ్యా.”

చెన్నై నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఫోను చూపించి, మీ జాబితా ఎంత కచ్చితంగా ఉందండీ, లేనిది లేదని వెంటనే రాసేస్తారు అని మెచ్చుకుంది. ఎవాంజెలిన్ ఆమెకు ఇంకో రెండు ఇడ్లీలు వేసింది.

*

గురువారం సాయంత్రం చిన్నబజారుకు పోయేసరికి లాల్ అహ్మద్ భూతద్దం పెట్టుకుని ఉన్నాడు. పలకరించకుండా సొరుగు లాగి, డెక్క విరిగిన ఎండ్రకాయను బల్ల మీద పెట్టాడు.

“నిన్న పోయొచ్చినా. ఇది నీకిచ్చెయ్యమంది.”

ఎవాంజెలిన్ పొట్టి కాలు స్టూలు మీద జాగ్రత్తగా కూర్చుంది. “ఏమనిందన్నా?”

“పుస్తకం తెరిచి రెండు ఎండ్రకాయలూ చూపించింది. రెండూ చేసినోడు ఒకడేనా అనింది. అవునని చెప్పినా. రెండూ ఒకామెకేనా అనింది. అవునని చెప్పినా.” అతను ఉలి మొన గుడ్డకు తుడిచాడు. “కొంచేపు నీళ్ళ వంక చూసింది. వచ్చింది గదా, చాల్లే అనింది.”

ఎవాంజెలిన్ పాత స్టాంపును అరచేతిలో పెట్టుకుంది. నూట ముప్పైసార్లో, నూట నలభైసార్లో అద్దడం వల్ల దాని అంచులు నున్నబడ్డాయి.

“ఏడాదిన్నర నాకెందుకు చెప్పలేదన్నా?”

“చెప్తే నువ్వు పెట్టెల కాడికి పోడమే మానుకుంటావని.”

మానుకునేదే. ఆమెకు తెలుసు. ఆ జాబితాను అందరూ మొయ్యమన్నందుకు మోస్తున్నాననుకుంది గానీ, తనను కూడా ఒకడు ఏడాదిన్నరగా మోస్తున్నాడని అనుకోలేదు.

“మరి ఆమెకిప్పుడు ముద్ర లేదు గదన్నా.”

“చేస్తా ఉండాగా.” లాల్ అహ్మద్ చేతిలోని రబ్బరు ముక్క ఆమె వైపు తిప్పాడు. పొడుగాటి కర్ర, కొసన అడ్డపట్టె, దానికి కిందికి పళ్ళు. సగం చెక్కడం అయింది. “ఎవురిదో ఎరువు సొమ్ము నాకొద్దు, నాకొకటి చెయ్యమంది. ఏం బొమ్మ కావాలంటే దంతె అనింది. కాపలావోళ్ళు తీసకపొయ్యినారే, అదే దంతె. దానికి పద్నాలుగు పళ్ళంట. పద్నాలుగూ ఉండాల, ఒక్కటి తగ్గినా తీసుకోను అని చెప్పి పంపించింది.”

అతను మళ్ళీ వంగాడు. పన్నుకూ పన్నుకూ మధ్య రబ్బరును వెంట్రుకవాసి లేపుతూ, ముక్కను తిప్పుతూ, ఊదుతూ. ఎవాంజెలిన్ ఫోను సంచీలో ఒకసారి వణికింది. ఆమె తీయలేదు. స్టూలు ముందుకు జరుపుకుని, భూతద్దం అవతలి నుంచి పళ్ళు లెక్కపెడుతూ కూర్చుంది.

“పదమూడయినాయి,” అన్నాడు లాల్ అహ్మద్ కళ్ళు నులుముకుంటూ. “కన్ను లాగతా ఉంది.”

“ఇంకొకటి ఉండాదన్నా,” అంది ఎవాంజెలిన్. దీపం కాస్త అతని వైపుకు వంచి పట్టుకుంది.